ఆ కుట్లు నేను విప్పకుండా ఉండాల్సింది

పిల్లల స్కూలు ప్రాజెక్టులు అమ్మానాన్నలే చేసిపెట్టేస్తారని నేను చాలామందిని ఆడిపోసుకున్నదాన్ని. మూడో క్లాసు పిల్లాడు థర్మాకోల్‌తో అంత నీటుగా చార్మినార్ కడతాడా, అది కచ్చితంగా వాళ్ళ నాన్న పనే అని స్కూలు గేటు దగ్గర నిలబడి నవ్వుకున్న రోజులున్నాయి. అలా నవ్విన నేనే ఈ సంక్రాంతికి అంతకన్నా పెద్ద తప్పు చేశాను. స్కూలు కోసం కూడా కాదు, మా ఇంట్లో, ఒక బొమ్మ గౌను విషయంలో.

బొమ్మ గౌనేగా, దానికింత ఉపోద్ఘాతమా అనుకోకండి. చివరిదాకా చదివి మీరే చెప్పండి.

మా పాపకి తొమ్మిదేళ్ళు. పుట్టినరోజుకి వాళ్ళ మేనత్త బార్బీ బొమ్మ ఇచ్చింది. బొమ్మ ఒంటి మీద వచ్చిన పొట్టి గౌను నెల తిరక్కుండానే అతుకులు ఊడిపోయింది. సరిగ్గా అప్పుడే అది సిండరెల్లా సినిమా చూసింది. 1950లో డిస్నీ వాళ్ళు తీసిన పాత కార్టూన్ సినిమా. ఇంక మొదలు... "అమ్మా, నా బొమ్మకి సిండరెల్లా గౌను కావాలి."

ఆన్‌లైన్‌లో రెడీమేడ్‌వి బోలెడున్నాయి, కొనేద్దాం అన్నాను. "వద్దు, మనం కుడదాం. సినిమాలో ఎలకలే కుట్టాయి, నేను కుట్టలేనా?" అంది. ఆ మాటకి నేను పడిపోయాను.

సినిమా చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రాజుగారి విందుకి వెళ్ళడానికి సిండరెల్లాకి బట్టలుండవు. వాళ్ళమ్మది పాత గులాబీరంగు గౌను ఒకటుంటుంది. దాన్ని బాగుచేసుకునే తీరిక కూడా సవతి తల్లి ఇవ్వదు. అప్పుడు ఎలకలూ పిట్టలూ కలిసి, అక్కలు వద్దని పారేసిన పూసలదండ, నడుముకి కట్టుకునే పట్టీ తెచ్చి, ఆ పాత గౌనుని కొత్తగా కుడతాయి. అది వేసుకుని మెట్లు దిగి వస్తుంటే, ఇవి మావే కదా అని అక్కలిద్దరూ మీదపడి చింపేస్తారు. దేవత వచ్చి మంత్రంతో మెరిసే గౌను ఇవ్వడం ఆ తర్వాతి సంగతి. అందరికీ గుర్తుండేది ఆ మెరిసే గౌనే. మా పాపకి మాత్రం ఎలకలు కుట్టిన గౌను గుర్తుండిపోయింది.

మా ఇంట్లో కుట్టు మిషను ఉంది. నా పెళ్ళికి మా అమ్మ ఇచ్చింది. చీరలకి ఫాల్స్, జాకెట్లకి హుక్కులు, కర్టెన్లు, దిండు గలీబులు... ఇదీ నా విద్య. బొమ్మ గౌనంటే గంటలో అయిపోతుందిలే అనుకున్నాను. గుడ్డ చిన్నదయ్యేకొద్దీ పని పెద్దదవుతుందని తర్వాత తెలిసింది.

బార్బీ ఎత్తు 11.5 అంగుళాలు. అంటే మనిషిలో ఆరో వంతు లెక్కన చేసిన బొమ్మ. ఈ ఆరో వంతు లెక్క బుర్రకెక్కితే సగం పని అయినట్టే. మనం చీరకి వేసుకునే అంగుళం లేసు దాని గౌనుకి వేస్తే మనకి ఆరంగుళాల అంచు వేసినట్టు. మన జాకెట్ మీద ముద్దొచ్చే కుందన్ దాని మీద పెడితే ఛాతీ మీద పళ్ళెం పెట్టినట్టుంటుంది. అందుకని సన్నలేసు, మినప్పప్పు బద్ద కన్నా చిన్న చమ్కీలు, ఆవగింజంత పూసలు వెతుక్కోవాలి. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో మధ్యాహ్నమంతా తిరిగితే దొరికాయి. లేతనీలం సాటిన్ అరమీటరు, అదే రంగు నెట్ అరమీటరు కొన్నాం. గౌను గుమ్మటంలా నిలబడడానికి కావాల్సిన గట్టి క్యాన్‌క్యాన్ నెట్ మాత్రం పాప పాత లంగా లోపల్నించి కత్తిరించాను.

సినిమాలో గౌను నిజానికి వెండిరంగులో, తెలుపు కలిసినట్టుంటుంది. బొమ్మల మీదా పుస్తకాల మీదా అమ్మి అమ్మి దాన్ని నీలం చేసేశారు. 2015లో మనుషులతో మళ్ళీ తీసిన సినిమాలో శాండీ పావెల్ అనే ఆవిడ డిజైన్ చేసిన గౌనూ నీలమే. అసలు 1697లో ఫ్రాన్స్‌లో పెరో అనే ఆయన రాసిన కథలోనైతే నీలమూ కాదు, బంగారు వెండి జరీ బట్టకి రత్నాలు పొదిగినట్టు ఉంటుంది. ఈ సంగతి చెబితే మా పాప కాసేపు ఆలోచించి, "అయితే ఎవరికి నచ్చిన రంగు వాళ్ళు వేసుకోవచ్చన్నమాట" అంది.

కొలతలు తీయడం అన్నిటికన్నా తమాషా. బొమ్మ ఒంటికి వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టి, దాని మీద కాగితం టేపు అంటించి, పెన్నుతో మధ్యగీత, పక్కగీతలు, నడుము గీత గీసి, గీతల వెంబడి కత్తిరించి తీస్తే జాకెట్ ముక్కలు వచ్చేస్తాయి. వాటికి చుట్టూ పావంగుళం కుట్టుకి వదిలితే చాలు. మా బొమ్మ నడుము మూడున్నర అంగుళాలు. కింద గుండ్రటి లంగా కోసం ఆ చుట్టుకొలతని ఆరుంపావుతో భాగిస్తే అర అంగుళం పైచిలుకు వచ్చింది. అంత వ్యాసార్ధంతో మధ్యలో చిల్లు, అక్కణ్ణించి పొడుగు ఏడంగుళాలు. పదహారు అంగుళాల చదరపు గుడ్డలో లంగా మొత్తం వచ్చేసింది.

ఇంకా కొన్ని తెలివితేటలు దెబ్బతిన్నాకే వచ్చాయి. సాటిన్ కోసిన చోటల్లా పోగులు ఊడిపోతుంది, అంచుకి రంగులేని గోళ్ళరంగు పూస్తే ఆగుతుంది. ముదురు రంగు గుడ్డయితే బొమ్మ ఒంటికి రంగు అంటుకుంటుంది, ఎంత తోమినా పోదు, అందుకని లోపల తెల్ల లైనింగ్ ఉండాలి. వీపు మొత్తం తెరుచుకునేలా కుట్టి టిచ్ బటన్లు పెట్టాలి, లేకపోతే బొమ్మ చేతివేళ్ళు నెట్‌లో ఇరుక్కుని చింపేస్తాయి. 1959లో అమెరికాలో ఈ బొమ్మ మొదటిసారి వచ్చినప్పుడు దాని బట్టలు జపాన్‌లో ఇళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళు చేత్తో కుట్టారట. మన నర్సాపురం వైపు ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని లేసు అల్లినట్టే. ఒక్క గౌను కుట్టేసరికి నా మెడ పట్టేసింది. వాళ్ళు ఎన్ని కుట్టారో తల్చుకుంటే దండం పెట్టాలనిపించింది.

మొదట్లోనే ఒప్పందం చేసుకున్నాం. కత్తిరించడం, మిషను కుట్టు నావి. అలంకారం పాపది. నిలువు సన్న కుట్టు ఎలా వెయ్యాలో, చమ్కీ ఎలా పెట్టాలో చూపించాను. సూది చమ్కీలోంచి పైకి తీసి, ఆవగింజ పూస ఎక్కించి, మళ్ళీ అదే చమ్కీ చిల్లులోంచి కిందికి దించాలి. అప్పుడు పూస అడ్డుపడి చమ్కీ ఊడదు, దారమూ కనపడదు. రెండుసార్లు సూది గుచ్చుకుంది, ఒకసారి ఏడ్చింది, అయినా వదల్లేదు. మూడు ఆదివారాలు. లంగా అంచు చుట్టూ 42 చమ్కీలు. రోజూ లెక్కపెట్టి చెప్పేది, "ఇవాళ్టికి ముప్ఫయ్యొకటి."

ఎలా ఉందని అడుగుతారా? దారి తప్పిన చీమల్లా ఉంది. ఒక చమ్కీ అంచు మీద, ఇంకోటి అర అంగుళం పైన. ఒకచోట మూడు ముద్దగా, ఇంకోచోట ఖాళీ. దారం గట్టిగా లాగడంతో సాటిన్ అక్కడక్కడా ముడుచుకుపోయింది. వెనక ముళ్ళ గుట్టలు. పాపకి మాత్రం దాన్ని చూస్తే చాలు, మొహం వెలిగిపోయేది.

ఇంతలో సంక్రాంతి వచ్చింది. మా అత్తయ్యగారికి బొమ్మల కొలువంటే ప్రాణం. కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్కపిడతలు, మావటివాళ్ళతో సహా ఏనుగులు... అన్నీ పెట్టెలోంచి దించారు. ఈసారి సిండరెల్లా కూడా కొలువులో కూర్చోవాలని పాప పట్టుబట్టింది. నాన్నమ్మ సరేనంది. పై మెట్టు మీద దేవుళ్ళు కాబట్టి రెండో మెట్టు మీద మధ్యలో చోటిచ్చింది.

భోగి ముందురోజు రాత్రి అందరూ పడుకున్నాక మెట్లకి దుప్పటి పరుస్తూ ఆ గౌను చూశాను. రేపు పేరంటాళ్ళు వస్తారు. మా అపార్ట్‌మెంట్‌లో కుట్టుపని బాగా తెలిసినవాళ్ళున్నారు, మగ్గం వర్క్ చేసి అమ్మే ఆవిడ కూడా ఉంది. ఈ ముడతలు, ఈ వంకర వరస చూసి ఏమనుకుంటారు? కాస్త సరిచేస్తే పోలా, పాపకి తెలీదులే, అవే చమ్కీలు కదా అనుకున్నాను.

కత్తెర మొన పెట్టి విప్పాను. మూడు ఆదివారాల పని పావుగంటలో ఊడి నా ఒళ్ళో పడింది. ఇస్త్రీ చేసి, చాక్‌పీసుతో గీత గీసి, కొలత పెట్టి సమానదూరంలో మళ్ళీ 42 చమ్కీలూ కుట్టాను. ఇంకా ఆగకుండా నడుముకి సన్నలేసు, ఛాతీకి చిన్న ముత్యాలు. పడుకునేసరికి ఒంటిగంటన్నర. గౌను అద్భుతంగా ఉంది. నిజం చెప్పాలంటే పొంగిపోయాను.

పొద్దున్న పాప లేచి వచ్చి గౌను చూసింది. అంచు చుట్టూ వేలు పెట్టి మెల్లిగా తడిమింది. ఏమీ అనలేదు. నచ్చిందేమో అనుకుని నేను ముగ్గులో పడిపోయాను.

పేరంటానికి వచ్చినవాళ్ళంతా ఆ బొమ్మ దగ్గరే ఆగారు. మగ్గం వర్క్ ఆవిడైతే చేతిలోకి తీసుకుని మరీ చూసి, "ఎంత బావుందో! నువ్వే కుట్టావా బంగారం?" అని పాపనడిగింది.

"కాదు ఆంటీ. మా అమ్మ కుట్టింది."

పిల్లకి ఎంత అణకువో అని అందరూ మురిసిపోయారు. నాకు మాత్రం చేతిలో శనగలు ఉన్న పళ్ళెం బరువెక్కిపోయింది.

ఆ రాత్రి పక్క వేస్తుంటే అడిగింది, "నా కుట్లు ఏవి?" అని. అవే చమ్కీలు తల్లీ, ముడతలొచ్చాయని కాస్త నీటుగా పెట్టాను అన్నాను. "అయితే అది నీ గౌను. మరి నా గౌనేది?" అంది. గోడవైపు తిరిగి పడుకుంది.

సిండరెల్లా గౌను రాత్రి పన్నెండింటికి మాయమైపోతుంది. మా పాప గౌను కూడా ఇంచుమించు ఆ వేళకే మాయమైంది. తేడా ఒక్కటే. సినిమాలో అక్కలు ఆ పిల్ల ఎదురుగా నిలబడి చింపారు. నేను ఆ పిల్ల నిద్రపోయేదాకా ఆగాను.

మర్నాడు వంటింట్లో అత్తయ్యగారి దగ్గర ఈ సంగతి చెప్పి, బాగుండాలనే కదండీ చేశాను అన్నాను. ఆవిడ పుట్టిల్లు నర్సాపురం దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు వాళ్ళింట్లో అందరూ లేసు అల్లేవాళ్ళే. ఆవిడ బీరకాయ చెక్కు తీస్తూనే చెప్పారు. "నేను కొక్కెం పట్టిన కొత్తల్లో తప్పుపోతే మా అమ్మ వేలు పెట్టి చూపించేదమ్మా. ఇదిగో ఇక్కడ తప్పింది, ఇక్కడిదాకా దారం లాగెయ్ అనేది. నేను ఏడ్చుకుంటూ లాగేదాన్ని. పొద్దుటినించీ అల్లిందంతా పోయేది. కానీ తను మాత్రం ఎప్పుడూ లాగలేదు. నా చేతే లాగించేది."

అంతే, ఇంకేమీ అనలేదు. కోప్పడినా బాగుండేది.

అప్పట్నించీ దీని గురించే ఆలోచిస్తున్నాను. నాకు తోచింది చెప్తాను, మీకు నచ్చకపోతే కాదనండి.

పిల్లలు ఏం చేసినా బాగుందనాలి, తప్పు చూపించకూడదు అని నేననను. ముడతలు పడింది నిజం. వరస తప్పింది నిజం. పని నేర్చుకోవాలంటే విప్పడం కూడా నేర్చుకోవాలి. కుట్టుపనిలో సగం విప్పడమేనని ప్రతి టైలరుకీ తెలుసు. కానీ ఆ విప్పేది ఎవరన్నదే అసలు సంగతి. పాపని కూర్చోబెట్టి "ఇక్కడ దారం బిగిసింది చూడు, ఏం చేద్దాం?" అని అడిగితే అది పాఠం. విప్పుతానంటే విప్పేది, వద్దంటే అలాగే ఉండేది. అది పడుకున్నాక నేను విప్పితే మాత్రం దానికి అందేది ఒకటే కబురు: నువ్వు చేసింది నలుగురిలో పెట్టడానికి పనికిరాదు.

పైగా తనది కాని పనికి మెప్పు వస్తే పిల్లలకి సంతోషం ఉండదు. తిట్టినా నాలుగు రోజుల్లో మర్చిపోతారు. ఈ మెప్పు మాత్రం గొంతులో అడ్డంపడుతుంది. మా పాప "అమ్మ కుట్టింది" అని నిజం చెప్పేసి బయటపడింది. చెప్పలేని పిల్లలు ఎంతమందో! స్కూల్లో నాన్న కట్టిన చార్మినార్ పక్కన నిలబడి చప్పట్లు కొట్టించుకునే పిల్లాడి గురించి నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు.

ఇంకో మాట ఒప్పుకోవాలి. నేను ఆ రాత్రి కూర్చున్నది పాప కోసం కాదు, పేరంటాళ్ళ కోసం. ఇంట్లో ఉండే మనకి మార్కులేసేవాళ్ళు ఎవరూ ఉండరు. వంట బాగుంటే తిని లేచిపోతారు. ఇల్లు శుభ్రంగా ఉంటే ఎవరికీ కనపడదు, దుమ్ముంటేనే కనపడుతుంది. అందుకని పిల్లల జడ, పిల్లల రైటింగ్, పిల్లల డ్రాయింగ్... ఇవే మన ప్రోగ్రెస్ కార్డు అనుకుంటాం. వాళ్ళ పనిలో వంకర కనిపిస్తే మన సంతకంలో వంకర ఉన్నట్టు సిగ్గుపడతాం. మెప్పు కోరుకోవడం తప్పని నేననుకోను, మనకీ కావాలి. కానీ అది మన గుడ్డ మీద మనం కుట్టుకుని సంపాదించుకోవాలి. పిల్లల గుడ్డ మీద కాదు. నాకంత చెయ్యి దురదగా ఉంటే ఇంకో పదహారు అంగుళాల సాటిన్ కొనుక్కోవాల్సింది, పోయేదేముంది!

"అంత తీరిక ఎక్కడుంది, స్కూలువాళ్ళు రేపే తెమ్మంటారు" అని మీరనొచ్చు. నిజమే, మనం చెయ్యాల్సి వచ్చే రోజులుంటాయి. అప్పుడైనా పిల్ల మెలకువగా ఉండగా, పిల్లకి చెప్పి, పిల్ల పక్కనుండగా చేద్దాం. ఏది మనం చేశామో, ఏది వాళ్ళు చేశారో అడిగినవాళ్ళకి అలాగే చెప్పనిద్దాం.

పాపకి సారీ చెప్పాను. "సరేలే" అంది. కానీ మూడు వారాలు సూది ముట్టుకోలేదు. కొలువు ఎత్తేశాక ఆ గౌనుని బొమ్మకి తీసేసి నా కుట్టుపెట్టెలో పెట్టేసింది, నా వస్తువు నాకు అప్పగించినట్టు. ఆ మూడు వారాలూ ఆ పెట్టె తెరవాలంటే నాకు మనసొప్పలేదు.

మొన్న ఆదివారం మిగిలిన నీలం సాటిన్ ముక్క, చమ్కీల పొట్లం తీసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. "నువ్వు ఇక్కడే ఉండు. కానీ ముట్టుకోకు" అంది. రెండు చేతులూ కట్టుకుని కూర్చున్నాను. ఈసారి కత్తిరించింది కూడా తనే. నడుము దగ్గర మరీ వదులు, లంగా ఒకవైపు పొట్టి. ఒక్కసారి మాత్రం "అమ్మా, ముడత పడకుండా దారం ఎంత లాగాలి?" అని అడిగింది. వేరే పీలిక మీద చూపించి, ఆ పీలిక తన చేతికిచ్చేశాను. నాలుగు చమ్కీలు విప్పి మళ్ళీ పెట్టుకుంది. తనే.

ఇప్పటికి పంతొమ్మిది చమ్కీలు అయ్యాయి. లేసు ఇంకా లేదు, వీపు పిన్నీసుతో నిలబడింది. బొమ్మ ఆ గౌనుతోనే షెల్ఫ్ మీద కూర్చుంది. నిన్న పక్కింటావిడ వచ్చి చూసి, "ఇదేంటి ఇలా ఉంది? కొలువులో చూసిన గౌను ఏదీ?" అని అడిగింది.

"అది మా అమ్మది ఆంటీ. ఇది నాది" అంది మా పాప.

మీ ఇళ్ళలో కూడా రాత్రిపూట విప్పిన కుట్లు ఏమైనా ఉన్నాయా? ఉంటే పొద్దున్నే పిల్లలకి చెప్పేయండి. వాళ్ళకి ఎలాగూ తెలిసే ఉంటుంది.